కె2-18బి మీద సంకల్పం ఎలా చెప్పాలి?

2025 ఏప్రిల్‌లో వేరే నక్షత్రం చుట్టూ తిరిగే కె2-18బి అనే గ్రహం మీద జీవపు జాడ ఉండొచ్చన్న వార్త వచ్చినప్పుడు, సిక్కోలు (శ్రీకాకుళం) ఏడురోడ్ల కూడలిలో టీ తాగేవాళ్ళ దగ్గర్నుంచి టీవీ చర్చల దాకా రెండు మాటలే ఎక్కువగా వినిపించాయి. "ఇంక మతాల పని సరి" అన్నది ఒకటి. "మా పురాణాల్లో ఎప్పుడో ఉంది, అనంతకోటి బ్రహ్మాండనాయకుడని ఊరికే అన్నారా" అన్నది రెండోది. మొదటి మాటకు చరిత్ర ఇప్పటికే చాలాసార్లు జవాబు చెప్పింది. 1543లో కోపర్నికస్ పుస్తకంతో భూమి విశ్వం నడిమధ్య నుంచి జరిగింది, 1859లో డార్విన్ పుస్తకంతో మనిషి కోతికి చుట్టమయ్యాడు, గుళ్ళూ చర్చిలూ మసీదులూ నిండుగానే ఉన్నాయి. నన్ను కలవరపెట్టేది రెండో మాట.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వేరే లోకంలో ప్రాణి ఉందన్న వార్త ఏ మతాన్నీ కూలదోయదు. కానీ "మాకేమీ ఇబ్బంది లేదు" అని వెంటనే అనేసేవాళ్ళు తమ మతాన్ని పూర్తిగా పట్టించుకోవడం లేదు. ఇబ్బంది ఉంది. అది సిద్ధాంతంలో కొంత, రోజువారీ ఆచారంలో చాలా ఉంది. ఆ ఇబ్బందిని ఒప్పుకుని దానితో కుస్తీ పట్టే మతానికే ఈ వార్త వల్ల మేలు జరుగుతుంది.

ఆ వార్త ఏ రోజున వస్తుంది?

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. "జీవం దొరికింది" అని ఒకనాటి పొద్దున్న పేపర్లో చదివి ఉలిక్కిపడే పరిస్థితి దాదాపుగా రాదు. కె2-18బినే తీసుకోండి. సింహరాశి దిక్కున, 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. భూమికి 2.6 రెట్లు వ్యాసార్థం, ఎనిమిదిన్నర రెట్లు ద్రవ్యరాశి. దానికి ఏడాది అంటే 33 రోజులు. ఆ గ్రహం తన నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు వెలుగు వెయ్యికి మూడు పాళ్ళు తగ్గుతుంది. గ్రహం అంచున ఉన్న గాలిలోంచి వడగట్టుకుని వచ్చే వెలుగులో ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత తగ్గిందో చూసి, అక్కడ ఏ వాయువు ఉందో చెబుతారు. ఆ తేడా పదివేలకు ఒకటి రెండు పాళ్ళు మాత్రమే.

జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఇచ్చిన సమాచారంలో 2023లో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ గట్టిగానే కనిపించాయి. 2025లో కేంబ్రిడ్జిలోని నిక్కు మధుసూదన్ బృందం డైమిథైల్ సల్ఫైడ్ గానీ, దాని దగ్గరి చుట్టం డైమిథైల్ డైసల్ఫైడ్ గానీ ఉన్నట్టుందని చెప్పింది. భూమ్మీద ఈ వాయువుకు ప్రధాన మూలం సముద్రపు సూక్ష్మజీవులు. కళింగపట్నం ఒడ్డున నిలబడితే ముక్కుకు తగిలే సముద్రపు వాసనలో దానికీ వాటా ఉంది. అయితే ఆ బృందం చెప్పిన నమ్మకం 3 సిగ్మా. అంటే ఏమీ లేకపోయినా కాకతాళీయంగా అలా కనబడే అవకాశం వెయ్యికి మూడు. కనుగొన్నాం అని గట్టిగా చెప్పడానికి అడిగేది 5 సిగ్మా, అంటే పదిలక్షలకు ఒకటి కంటే తక్కువ. అదే సమాచారాన్ని వేరే బృందాలు మళ్ళీ లెక్కకట్టి, అంత బలమైన జాడేమీ లేదన్నాయి. పైగా ఆ వాయువు 67పి అనే తోకచుక్క మీద కూడా కనిపించింది. అక్కడ జీవం లేదు.

అంగారకుడి కథ ఇంకా పాతది. 1976లో వైకింగ్ నౌకలు అక్కడి మట్టిలో రేడియోధార్మిక కార్బన్ కలిపిన పోషకద్రవం చుక్కలు వేశాయి. మట్టిలో ఏదైనా తింటే ఆ కార్బన్ వాయువుగా బయటికి రావాలి. వచ్చింది. కానీ అదే నౌకలోని మరో పరికరానికి జీవపదార్థపు అణువులు దొరకలేదు. 2008లో ఫీనిక్స్ నౌక ఆ మట్టిలో పెర్‌క్లోరేట్లు ఉన్నాయని కనిపెట్టాక లెక్క మళ్ళీ తారుమారైంది. ఆ లవణాలతో కలిపి వేడిచేస్తే ఉన్న జీవపదార్థం కూడా కాలిపోతుంది మరి. అర్ధశతాబ్దం గడిచినా వాదన పూర్తిగా ముగియలేదు. ఇప్పుడు అక్కడ తిరిగే నాసా బండి పెర్సివరెన్స్ 2024లో చూసిన చిరుతపులి మచ్చల రాయి ఉంది. 2025 సెప్టెంబరులో వచ్చిన పరిశోధనా పత్రం దాన్ని "జీవపు జాడ కావచ్చు" అన్నంతవరకే అంది. శాస్త్రవేత్తలు ఇలాంటి ప్రకటనల కోసం ఏడు మెట్ల కొలబద్ద ఒకటి ప్రతిపాదించుకున్నారు. ఒక జాడ మొదటి మెట్టు నుంచి ఏడో మెట్టు దాకా ఎక్కేసరికి ఒక తరం గడిచిపోవచ్చు.

ఈ నిదానం మతాలకు అనుకూలం. ఒక్కసారి పడే పిడుగుకు కూలేది, ముప్పై ఏళ్ళు కురిసే తుంపరకు కూలదు, నానుతుంది. ఆ నానడం గురించే నా ఆలోచన.

అమెరికాలో టెడ్ పీటర్స్ అనే లూథరన్ వేదాంతి 2008లో 1,300 మందికి పైగా మనుషుల్ని ఇదే అడిగాడు. వేరే లోకంలో బుద్ధిజీవులు ఉన్నారని తేలితే మీ నమ్మకం చెదురుతుందా అని. అన్ని మతాల వాళ్ళలోనూ ఎక్కువమంది చెదరదనే అన్నారు. మతం లేనివాళ్ళే మతాలకు గడ్డుకాలం వస్తుందని ఎక్కువగా ఊహించారు. అంటే కూలిపోతుందని అనుకునేది ఇంటి బయట నిలబడి చూసేవాడు. లోపల ఉన్నవాడికి దూలం ఎంత లావో తెలుసు. ఏ మూల చెద పట్టిందో కూడా అతనికే తెలియాలి. తెలుసునని ఒప్పుకోవడం మాత్రం కష్టం.

కష్టమైన ప్రశ్న వేసుకున్నవాళ్ళు

ఈ విషయంలో నాకు క్రైస్తవ వేదాంతుల మీద గౌరవం. వాళ్ళకు ఇబ్బంది ఎక్కువ, అందుకే పని కూడా ఎక్కువ చేశారు. దేవుడు ఒక్కసారి, ఒక్క చోట, ఒక్క మనిషిగా పుట్టి చనిపోయాడన్నది ఆ మతానికి పట్టుకొమ్మ. మరి ఇంకో లోకంలో ఉన్నవాళ్ళ సంగతి?

చర్చి అనగానే మనకు 1600లో రోములో సజీవంగా కాల్చేసిన ఇటలీ తత్వవేత్త బ్రూనో గుర్తొస్తాడు. అతని మీద మోపిన నేరాల్లో అనేక లోకాల మాట ఒకటి మాత్రమే, మిగతావి వేదాంతానికి సంబంధించినవి. అంతకు మూడు వందల ఏళ్ళు ముందు, 1277లో, పారిస్ బిషప్పు తాంపియే ఒక నిషేధాల జాబితా ప్రకటించాడు. "దేవుడు ఒకటి కంటే ఎక్కువ లోకాలు చేయలేడు" అన్న వాదన అందులో తప్పుల పట్టికలో చేరింది. లోకం ఒక్కటే ఉండగలదని అరిస్టాటిల్ అంటే, దేవుడికి హద్దు పెట్టడానికి నువ్వెవరని బిషప్పు అడిగినట్టయింది.

15వ శతాబ్దంలో విలియం ఆఫ్ వోరిలాంగ్ అనే సన్యాసి, ఇక్కడి సిలువ ఒక్కటే అన్ని లోకాలకూ చాలుతుందన్నాడు. అతనికి ముందే థామస్ అక్వినాస్ అనే వేదాంతి, దేవుడు కావాలంటే ఒకటి కంటే ఎక్కువ మానవ దేహాలు ధరించగలడని ఒప్పుకున్నాడు. 1794లో థామస్ పెయిన్ అనే ఇంగ్లీషు రచయిత ఈ రెండింటినీ ఎగతాళి చేశాడు. దేవుని కుమారుడు లోకం తర్వాత లోకం తిరుగుతూ, ఆగకుండా చనిపోతూనే ఉండాలా అని. ఆ ఎగతాళి కింద ఉన్న ప్రశ్న నిజమైనదే. ఒక్క సిలువ చాలంటే, ఆ వార్త అందని కోట్ల కాంతి సంవత్సరాల అవతలివాళ్ళకు న్యాయం ఏది? చాలదంటే, బెత్లెహేముకు ఉన్న విశేషం ఏది? అసలు వాళ్ళు పాపంలో పడనే లేదంటే, పతనం మనుషుల సొంత ఆస్తి అవుతుంది.

2008లో వాటికన్ అబ్జర్వేటరీ అధిపతి ఫూనెస్, గ్రహాంతర జీవి కూడా దేవుని సృష్టే కాబట్టి మనకు సోదరుడేనని చెప్పాడు. 2014లో పోప్ ఫ్రాన్సిస్ ఒక ప్రసంగంలో, రేపు అంగారకులు వచ్చి బాప్తిస్మం అడిగితే ఏం చేస్తామని ప్రశ్నించాడు. నిజానికి ఆయన చెబుతున్నది మొదటితరం సంఘంలో యూదులు కానివాళ్ళను చేర్చుకోవాలా వద్దా అన్న పాత తగాదా గురించి. మన జిల్లాల్లో కెనడా బాప్టిస్టు మిషన్ నాటిన సంఘాలు ఇప్పటికీ ఉన్నాయి. ఈ దొడ్డివి కాని వేరే గొర్రెలు నాకున్నాయని యోహాను సువార్తలో యేసు అన్న మాట ఆ సంఘాల్లో అందరికీ తెలుసు. ఆ వాక్యం నుంచి శని చంద్రుల్లో ఒకటైన ఎన్సెలడస్ మంచు కింద ఉండగల జీవి దాకా వెళ్ళాలంటే దూరం చాలా ఉంది. కనీసం బయల్దేరే చోటు ఉందని వాళ్ళు గుర్తించారు.

ఇస్లాంలో ఈ చిక్కు తక్కువ. ఖురాన్ మొదటి అధ్యాయమే దేవుణ్ణి "లోకాల ప్రభువు" అంటుంది, లోకాలు బహువచనం. 42వ అధ్యాయం 29వ వాక్యం, ఆకాశాల్లోనూ భూమిలోనూ తాను వ్యాపింపజేసిన ప్రాణుల గురించి చెబుతుంది. వాళ్ళకు వచ్చే చిక్కు దిక్కుది, వేళది. నమాజులో మక్కాలోని కాబా వైపు తిరిగే దిక్కును కిబ్లా అంటారు. సిక్కోలు నుంచి అది పడమరకు సుమారు 12 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. అంతరిక్ష కేంద్రం గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టేస్తుంది, రోజుకు పదహారు సూర్యోదయాలు. 2007లో మలేషియా నుంచి ఒక ముస్లిం వ్యోమగామి వెళ్ళేటప్పుడు అక్కడి పండితులు కూర్చుని వరస తేల్చారు. వీలైతే కాబా వైపు. కాకపోతే కాబాకు నేరుగా పైన ఉన్న చోటు వైపు. అదీ కాకపోతే భూమి వైపు. ఏదీ కుదరకపోతే ఎటైనా సరే. నాలుగు మెట్లు, ప్రతి మెట్టూ ఆచరించగలిగేది. ఇలా కూర్చుని తేల్చుకోవడాన్నే నేను మెచ్చుకుంటున్నాను.

మనకు ఇబ్బంది లేదా?

ఇప్పుడు మన సంగతి. "ఎనభై నాలుగు లక్షల యోనులు, పద్నాలుగు లోకాలు, యశోద చూసిన బ్రహ్మాండం, మనకు ఏ జీవి కొత్త?" అంటారు. శ్రీకూర్మంలో తాబేలు రూపంలోని దేవుడికి రోజూ అర్చన జరుగుతుంది, కాబట్టి అవతారం మనిషి రూపంలోనే ఉండాలన్న పట్టింపు మనకు లేదు. ఇదంతా నిజం. పెయిన్ ప్రశ్న శ్రీకూర్మం గుడి మెట్ల దగ్గరే ఆగిపోతుంది.

కానీ విష్ణుపురాణం రెండో అంశం తెరవండి. భారతవర్షం కర్మభూమి, తక్కినవి భోగభూములు అని ఉంటుంది. ఇక్కడ చేసిన కర్మ వల్లే స్వర్గం గానీ మోక్షం గానీ. దేవతలు సైతం భారతవర్షంలో పుట్టినవాళ్ళు ధన్యులని పాడుకుంటారట. దానికి తోడు జంతువుల్లో నరజన్మ దుర్లభమన్న మాట మన నోళ్ళలో నానుతూనే ఉంటుంది. ఈ రెండూ కలిపితే ఏమైంది? ముక్తికి ఒక నేల, ఒక దేహం కావాలి. 124 కాంతి సంవత్సరాల అవతల ఆలోచించగల, మంచిచెడ్డలు ఎంచగల జీవి ఉంటే, అది చేసే పని కర్మ అవుతుందా? అవుతుందంటే కర్మభూమి అన్న మాటను "ఎంచుకునే శక్తి ఉన్న జీవి నిలబడ్డ ప్రతి చోటూ" అని మార్చుకోవాలి. అప్పుడు ఈ నేలకున్న ప్రత్యేకత సంగతి తేల్చాలి. అవదంటే విశ్వంలోని జీవులన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడ పుట్టడానికి వరసలో నిలబడాలి. పెయిన్ దేవుణ్ణి లోకాలు తిప్పితే, మనం జీవుల్ని తిప్పుతున్నాం. ప్రశ్న ఒకటే.

"అదంతా ప్రతీక, అక్షరాలా తీసుకోకూడదు" అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఐతే బ్రహ్మాండాల మాటను మాత్రం అక్షరాలా తీసుకుని సైన్సుతో సరిపోయిందనడం ఎందుకు? ఏది దొరికినా "ఎప్పుడో చెప్పాం" అని, ఏది అడ్డొచ్చినా "ప్రతీక" అనే పద్ధతిలో ఏ కొత్త సంగతీ మనల్ని తాకలేదు. దేనికీ చలించని నమ్మకం బలమైనదని అంటారు. నాకు అది మొద్దుబారడంలా కనిపిస్తుంది.

ఈ చిక్కును జైనులు ముందే చూశారు. వాళ్ళ లెక్కలో కర్మభూములు పదిహేను. భరతాలు ఐదు, ఐరావతాలు ఐదు, మహావిదేహాలు ఐదు. ఇక్కడ ఈ కాలంలో తీర్థంకరులు లేకపోయినా, మహావిదేహంలో సీమంధరుడనే తీర్థంకరుడు ఇప్పుడు కూడా ఉపదేశిస్తున్నాడని నమ్ముతారు. కంటికి కనబడని నిగోద జీవులు లోకమంతా కిక్కిరిసి ఉన్నాయంటారు. విజయనగరం పక్కన రామతీర్థంలో రాముడి గుడికి వచ్చినవాళ్ళు అక్కడి దుర్గకొండ మీద జైన విగ్రహాలను కూడా ఓసారి చూసి వస్తే బాగుంటుంది. ఆ కొండ దగ్గర కూర్చున్న సన్యాసులకు అంగారకుడి మీద సూక్ష్మజీవి అన్న మాట వింతగా తోచేది కాదు. వాళ్ళు అడిగేది వేరు. "అక్కడ డ్రిల్లు వేసేటప్పుడు వాటిని చంపకుండా ఎలా వేస్తారు?" అని. వంశధార ఒడ్డున శాలిహుండంలో ఉండిన బౌద్ధులైతే లోకం అనంతమా కాదా అన్న ప్రశ్నను బుద్ధుడు పక్కన పెట్టాడని గుర్తు చేసేవాళ్ళు. ఒంట్లో దిగిన బాణాన్ని ముందు పీకాలని.

సంకల్పం అనే చిరునామా

సిద్ధాంతం కన్నా ఆచారంలో చిక్కు ఎక్కువని ముందే అన్నాను. పూజలో మొదట చెప్పే సంకల్పం ఒక చిరునామా. కాలం చెబుతుంది, స్థలం చెబుతుంది, తర్వాతే పేరు, గోత్రం. సిక్కోలులో చెప్పేటప్పుడు జంబూద్వీపే, భరతవర్షే, భరతఖండే, మేరోర్దక్షిణ దిగ్భాగే, శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, గంగాగోదావర్యోర్మధ్యదేశే అంటారు. కాలంలో బ్రహ్మ ద్వితీయ పరార్ధం, శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం ప్రథమ పాదం. ఇంతవరకు విశ్వంలో ఎక్కడ చెప్పినా పేచీ లేదు. కల్పం 432 కోట్ల ఏళ్ళు, అది ఎవరి ఊరికీ చెందదు. పేచీ ఆ తర్వాత మొదలవుతుంది. అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం. ఇవన్నీ ఈ భూమి వాలు, ఈ చంద్రుడి నడక.

తిథి అంటే సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం. మన చంద్రుడికి ఆ ఎడం నడవడానికి 19 నుంచి 26 గంటల దాకా పడుతుంది, అందుకే ఒకనాటి తిథి ఒక్కోసారి మర్నాటికి పాకుతుంది, ఒక్కోసారి మధ్యలోనే లోపిస్తుంది. అంగారకుడి మీదకు వెళ్ళండి. అక్షం వాలు 25 డిగ్రీలు, కాబట్టి అయనాలు, ఋతువులు ఉంటాయి, కాకపోతే ఏడాది 687 రోజులు. చంద్రులు ఇద్దరు. ఫోబోస్ 7 గంటల 39 నిమిషాల్లో ఒక చుట్టు తిరుగుతుంది. గ్రహం తన చుట్టూ తిరిగేదానికన్నా వేగం కావడంతో పడమట పొడిచి తూర్పున కుంకుతుంది. దాన్ని పట్టుకుని లెక్కకడితే తిథి పావుగంట. ఏకాదశి ఉపవాసం పావుగంటా? లేక భూమి పంచాంగాన్నే అక్కడా పాటించాలా? పాటిస్తే ఆకాశంలో కనబడని చంద్రుడికి ఉపవాసం ఉన్నట్టవుతుంది.

కె2-18బి దగ్గర చిక్కు ఇంకా లోతు. నక్షత్రానికి అంత దగ్గరగా తిరిగే గ్రహాలు, మనకు చంద్రుడు ఒకే ముఖం చూపినట్టు, ఒకే వైపు తిప్పి ఉంచుతాయని శాస్త్రవేత్తల అంచనా. అరసవల్లి గుడినే మనసులో పెట్టుకోండి. మార్చి 9, 10, 11 తేదీల్లో, అక్టోబరు 1, 2, 3 తేదీల్లో ఉదయకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. ఏడాదికి రెండుసార్లే ఎందుకంటే, మార్చి విషువత్తుకు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు) ముందు కొద్ది రోజులు, సెప్టెంబరు విషువత్తు తర్వాత కొద్ది రోజులు సూర్యుడు ఒకే చోట పొడుస్తాడు. నిక్కచ్చి తూర్పు నుంచి నాలుగు, నాలుగున్నర డిగ్రీలు దక్షిణంగా. గర్భగుడి నుంచి బయటికి ఉన్న సందు ఆ దిక్కుకు కుదిరింది. తూర్పున మబ్బు పట్టిందా, ఆ పూటకు దర్శనం లేదు. రథసప్తమి చాంద్రమానంతో కదులుతుంది, కిరణాల తేదీ సౌరమానంతో నిలకడగా ఉంటుంది. రెండు కాలమానాలు ఒకే గుడిలో.

ఒకే ముఖం తిప్పి ఉంచే లోకంలో సూర్యుడు పొడవడు, కుంకడు. కిరణం పాదాల మీద పడితే ఎప్పటికీ పడే ఉంటుంది, పడకపోతే ఎన్నటికీ పడదు. సంధ్యావందనం ఏ వేళ చేస్తారు? అక్కడ సంధ్య వేళ కాదు, చోటు. వెలుగూ చీకటీ కలిసే ఒక వలయం గ్రహం చుట్టూ కదలకుండా ఉంటుంది. ఆ వలయం మీద నివాసం ఉన్నవాళ్ళకు నిత్యం సంధ్యే. మిగతావాళ్ళు సంధ్య వార్చాలంటే అక్కడికి ప్రయాణం కట్టాలి. (గట్టి నేల అసలు ఉందో లేదో, అది వేరే ప్రశ్న.) నాకు ఇది ఆలోచించిన కొద్దీ అందంగానే తోస్తుంది. సంధ్య అంటే కలయిక అన్న అసలు అర్థం అక్కడ ఇంకా స్పష్టం. కానీ ఆ అర్థం చేరడానికి వేళ అనే అలవాటును వదులుకోవాలి.

ఇది కుదరని పనేమీ కాదు. అమెరికాలో తెలుగు పురోహితులు జంబూద్వీపే అనకుండా క్రౌంచద్వీపే, రమణకవర్షే, ఐంద్రఖండే అంటున్నారు. సముద్రం దాటితే పాపమన్న రోజులనుంచి, సముద్రం అవతల సంకల్పానికి కొత్త చిరునామా రాసుకునే రోజు దాకా వచ్చాం. ఎవరో కూర్చుని, పురాణం తిరగేసి, ఈ ఖండానికి ఈ పేరు అని తేల్చారు. యురేనస్ 1781లో, నెప్ట్యూన్ 1846లో దొరికినప్పుడు మాత్రం ఎవరూ అలా కూర్చోలేదు. నవగ్రహ మండపంలో తొమ్మిదే ఉన్నాయి. సంఖ్య మార్చనక్కరలేదు, రాహుకేతువులు చంద్రుడి దారి సూర్యుడి దారిని ఖండించే బిందువులని సిద్ధాంతులకు ఎప్పుడూ తెలుసు. కానీ చర్చ కూడా జరగకపోవడమే నాకు వెలితి.

పొలిమేర

ఇక్కడ నా వాదనకు ఎదురు నిలిచేది పైడితల్లి అమ్మవారు. దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో సిరిమాను కదిలేటప్పుడు, ఆ మాను చివర కూర్చున్న పూజారిని చూసి చేతులు జోడించే లక్షల మందికి కె2-18బితో ఏం పని? అమ్మ ఆ ఊరి ఆడపడుచు. ఏ చింతచెట్టు సిరిమాను కావాలో పూజారి కలలోకి వచ్చి చెబుతుందని నమ్మకం. గ్రామదేవతకు పొలిమేర ఉంటుంది. విశ్వం నాదని ఆమె ఎప్పుడూ అనలేదు, కాబట్టి విశ్వంలో ఏం దొరికినా ఆమెకు తగలదు. జనంలో ఎక్కువమంది నమ్మకం ఈ రకమే అయితే, నేను ఇంతసేపు చెప్పిన చిక్కులు కొద్దిమంది చదువుకున్నవాళ్ళవి మాత్రమే కావచ్చు. ఈ అనుమానం నాకు పూర్తిగా తీరలేదు.

దీనికి తోడు సవరల ఉదాహరణ ఉంది. ఒడిశా వైపు సవర గూడేల్లో చనిపోయినవాళ్ళతో, పూనకం వచ్చే గురువు ద్వారా మాట్లాడే పద్ధతి తరతరాలుగా ఉండేది. చనిపోయినవాడు తన బాధ చెప్పుకుంటాడు, బతికున్నవాళ్ళు జవాబిస్తారు, కోపాలూ అప్పులూ తేలే దాకా సంభాషణ సాగుతుంది. ఒకటి రెండు తరాల్లో చాలా గూడేల్లో అది ఆగిపోయింది. ఆపింది ఏ టెలిస్కోపూ కాదు. బడి, రోడ్డు, వడ్డీ వ్యాపారి నుంచి బయటపడాలన్న కోరిక, బాప్టిస్టు చర్చి. నమ్మకాలు మారేది బతుకు మారినప్పుడు. ఆకాశపు వార్తకు అంత బలం లేదు.

అయినా వార్తను బతుక్కి ముడిపెట్టగలిగినవాడు ఉంటే కథ వేరు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు దాని తోకలో విషవాయువు ఉందని, భూమి అందులోంచి వెళ్తుందని లోకమంతా హడలింది. మన ఊళ్ళలో తోకచుక్క అంటే అరిష్టమే. విజయనగరంలో గురజాడ ఆ ఏడే దాన్ని భూమికి దూరపు చుట్టమన్నాడు, సంఘసంస్కరణ ప్రయాణానికి పతాకగా తలిచాడు. అదే తోకచుక్క, అదే ఆకాశం. కులం మాటా, కలిసి భోజనాల మాటా దాని వెలుగులో మాట్లాడాడు.

ఎవరు లోపల, ఎవరు బయట

నేను గురజాడ దారినే అడుగుతున్నాను. సర్వభూతాల్లోనూ ఈశ్వరుడే అని చదివిన సమాజం, మనుషుల్లో ఒక భాగాన్ని గుడి గేటు బయట నిలబెట్టింది. ఈ జిల్లాలు అప్పట్లో ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో అందరికీ గుడి తలుపు తెరవడానికి 1947లో చట్టం కావాల్సి వచ్చింది. సిద్ధాంతం అంతా ముందే ఉంది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. అందుకే "ఏ లోకపు జీవినైనా మా ధర్మం ఒప్పుకుంటుంది" అన్న మాట వింటే నాకు సంతోషం కన్నా ముందు ఆ గేటు గుర్తొస్తుంది. ఒప్పుకోవడమంటే ఏం చేయడం?

దొరికేది సూక్ష్మజీవే అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి, ప్రశ్న కూడా చిన్నదే అనుకోవచ్చు. భూమ్మీది సూక్ష్మజీవుల్ని 1670లలో లేవెన్‌హుక్ చూశాడు. వాటికి ఆత్మ ఉందా అని ఏ పీఠమూ సభ పెట్టలేదు. కానీ ఇక్కడివి మన చుట్టాలు, ఒకే మూలం నుంచి వచ్చినవి. అంగారకుడి మీదో, ఎన్సెలడస్ మీదో వేరే మూలం నుంచి పుట్టినది ఉంటే, ప్రాణం రెండుసార్లు మొదలైందన్నమాట. ఆ మొదటి కణం ముందు నిలబడి ఏం చేస్తామన్నది పెద్ద ప్రశ్నే.

శాస్త్రవేత్తలు ఈ విషయంలో ఒక ఆచారం ఏర్పరచుకున్నారు. నేను దాన్ని మడి అనే అంటాను. 1967 అంతరిక్ష ఒప్పందం తొమ్మిదో అధికరణం, వేరే లోకాలను హానికరంగా కలుషితం చేయకూడదంటుంది. వైకింగ్ నౌకలను పంపే ముందు 110 డిగ్రీలకు పైగా పొడి వేడిలో గంటల తరబడి ఉంచారు, మన సూక్ష్మజీవి ఒక్కటీ అక్కడ దిగకూడదని. మన వంటింటి మడిలో భయం అవతలివాడి వల్ల మనకు అంటుతుందని. ఈ మడిలో ముందున్న భయం మన వల్ల అవతలివాడికి అంటుతుందని. సర్వభూతహితం అన్న మాటను ఇనుముతో, వేడితో, గడియారంతో ఆచరిస్తే ఇలా ఉంటుంది. దీన్ని చూసి మన పీఠాలు, మన చర్చిలు, మన మసీదులు మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది.

కాసినీ నౌక శని చుట్టూ పదమూడేళ్ళు తిరిగింది. ఎన్సెలడస్ మంచు పగుళ్ళ నుంచి ఎగజిమ్మే నీటి జల్లును 2005లో పట్టుకుంది, ఆ జల్లులోంచే ఎగిరి అందులో ఉప్పు, హైడ్రోజన్ ఉన్నాయని చూపింది. ఇంధనం అడుగంటుతున్నప్పుడు దాన్ని అలా వదిలేస్తే ఏనాడో ఒకనాడు ఆ చంద్రుడి మీదో, శనికే మరో చంద్రుడైన టైటాన్ మీదో పడొచ్చు. భూమి నుంచి అంటుకుపోయిన జీవి ఏదైనా ఇంకా బతికుంటే ఆ నీళ్ళలో కలుస్తుంది. 2017 సెప్టెంబరు 15న దాన్ని కావాలనే శని మేఘాల్లోకి నడిపించి కాల్చేశారు. ఎన్సెలడస్ మంచు కింద ఒక్క ప్రాణి ఉందని అప్పటికి ఎవరూ రుజువు చేయలేదు.